ఒంటిస్తంభం మేడ

మా షోకేసులో ముప్పై ఏడు ఇళ్ళున్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. గుట్టలో సగం పూడిపోయి గుండ్రటి తలుపు మాత్రం బయటికి కనిపించే ఇల్లొకటి, తాబేలు వీపు మీద ఎక్కించిన గుడిసె ఒకటి, ఇప్పుడు పడతానా రేపు పడతానా అన్నట్టు ఒరిగిపోయిన మంత్రగాడి బురుజు ఒకటి. మాయలూ మంత్రాలూ ఉండే సినిమాలు చూసి, వాటిలోని ఇళ్ళను ఇంతింత చేసి పోతపోసి, రంగులేసి, అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్ళున్నారు. కొని దాచుకునే నాలాంటి వాళ్ళూ ఊరూరా ఉన్నారు. మాకొక వాట్సాప్ గ్రూపుంది. కొత్త ఇల్లు కొన్నవాళ్ళు అందులో ఫొటో పెడతారు. మిగిలినవాళ్ళం లోపల కుళ్ళుకుంటూ చప్పట్ల బొమ్మలు పెడతాం.

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. నూనెపల్లెలో అద్దె ఇంట్లో ఉంటాం. "ఉండేదానికి సొంతిల్లు లేదు గానీ ముప్పై ఏడు కొంపలు మేపుతాంది" అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. నవ్వనీ. దుమ్ము తుడిచేది నేనే, అద్దాలు కడిగేది నేనే. ఆ షోకేసు కింది అరలో, వెనక, పాత చీరముక్కలో చుట్టిన ఇల్లు ఇంకొకటి ఉంది. దాన్ని లెక్కలో చెప్పను. ఇది దాని గురించి.

అది మా నాయన రాతిలో చెక్కాడు. ఆయన ఆళ్ళగడ్డలో శిల్పి. ఆ ఊరి మీదుగా ఎప్పుడైనా బస్సులో పోయినవాళ్ళకు తెలిసే ఉంటుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు వరుసగా నిలబెట్టిన ఆంజనేయస్వాములు, నందులు, ఇంకా మొహం తేలని అమ్మవార్లు, నడుము దాకా అయిన ఎవరో నాయకుడు, అందరి మీదా ఒకే తెల్లటి దుమ్ము. ఆ షెడ్లలో ఒకదానిలో నాయన నలభై ఏళ్ళకు పైగా ఉలి పట్టాడు. సున్నిపెంటలో, మహానంది చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెక్కిన దేవుళ్ళకు ఇప్పటికీ దీపాలు పెడుతున్నారు. ఏ దేవుడి కిందా ఆయన పేరుండదు. పేరు చెక్కుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

చిన్నప్పుడు బడి వదలగానే షెడ్డుకు పోయి రాతిపెళ్ళల కుప్ప మీద కూర్చునేదాన్ని. చెక్కుతూ చెక్కుతూ నాయన నాకు సినిమాలు చెప్పేవాడు. వయసులో ఉండగా టూరింగు టాకీసులో నేల టికెట్టు తీసుకుని చూసిన జానపద సినిమాలు. ఆయనకు కథ ఎప్పుడూ సరిగ్గా గుర్తుండేది కాదు. మాంత్రికుడు ఎట్లా చచ్చాడు నాయనా అని అడిగితే "యట్లనో ఒకట్ల సచ్చినాడ్లే" అనేవాడు. ఇళ్ళు మాత్రం గుర్తుండేవి. గుహకు పెట్టిన పుర్రె నోరు ఎంత వెడల్పుందో, నాగలోకంలో మెట్లకు రెండు పక్కలా ఎన్ని పడగలున్నాయో, రాజకుమారిని దాచిపెట్టిన ఒంటిస్తంభం మేడకు కిటికీలు ఎటువైపున్నాయో చేత్తో గాలిలో గీసి చూపించేవాడు. ఆ మేడ అంటే ఆయనకు మరీ ఇష్టం, మరీ కోపం.

"అట్టతో చేసినారు పాపా ఆ స్తంభం. గాలికి ఊగుతా కనపడతాంది. నేనైతే రాతితో నిలబెట్టింటి."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. నేను పెద్దయి, పెళ్ళయి, చేతిలో నాలుగు రూపాయలు ఆడి, ఈ బొమ్మ ఇళ్ళ పిచ్చిలో పడ్డాక కూడా ఆ మాట నా చెవిలో ఉంది. మా గ్రూపులో అందరి దగ్గరా ఉన్నవి పరాయి దేశపు ఇళ్ళే. మన పుర్రె గుహ లేదు, మన నాగలోకం లేదు. మూడేళ్ళ కిందట గ్రూపువాళ్ళు హైదరాబాదులో అందరి ఇళ్ళూ ఒకచోట పెట్టి చూపిద్దామనుకున్నారు. నాకు ఉత్సాహం ఆగలేదు. మా నాయన శిల్పి, ఒంటిస్తంభం మేడ చేస్తున్నాడు, నల్లరాతిలో, ఒకే రాయి, అతుకు లేదు అని రాసి పెట్టేశాను. నాయనను ఇంకా అడగనేలేదు. నా బుద్ధి అట్లాంటిది.

మరుసటి ఆదివారం ఆళ్ళగడ్డకు పోయి అడిగాను. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. చేతిపని అడిగేవాళ్ళు తగ్గి, మిషన్ మీద కోసి, మిషన్ మీదే నునుపు తేల్చే బేరాలు పెరిగాయి. అయినా రోజూ షెడ్డుకు పోయేవాడు. షెడ్డులో కోత మిషన్ నడిపేది ఒక ముస్లిం ఆయన. నాయనకంటే పదేళ్ళు చిన్న. నాకు ఊహ తెలిసినప్పటినుంచి మామ. నాయన ఉలి చప్పుడూ మామ మిషన్ హోరూ కలిసి ఇరవై ఏళ్ళు ఆ రేకుల కింద ఉన్నాయి.

"ఎంత ఎత్తు?" అన్నాడు నాయన.

"జానెడు చాలు" అని చెయ్యి చాపి చూపించాను.

"స్తంభం?"

"చిటికెన వేలంత" అని వేలు చూపించాను.

తన చిటికెన వేలు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత లేచి, మూలనున్న గోనెసంచి కింద చెయ్యి పెట్టి ఒక రాతిముక్క లాగాడు. ఎప్పుడో ఒక గుడికి నంది చేయగా మిగిలిన ముక్కట. మంచి రాయని దాచిపెట్టుకున్నాడు. బిందెడు నీళ్ళు పోసి చంటిబిడ్డకు పోసినట్టు కడిగాడు. ఆయన మొహం అంత తేటగా ఉండడం చూసి చాలా కాలమైంది.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. రాయిని చూసే ముందు వినాలి. సుత్తి మొనతో మూడుచోట్ల తడతారు, తలవైపు, నడుము దగ్గర, కాళ్ళవైపు. మంచి రాయైతే గంటలాగా మోగుతుంది. లోపల పగులుంటే పైకి ఎంత అందంగా ఉన్నా అక్కడ మోగదు, తడిగోడ మీద కొట్టినట్టు దబ్ మంటుంది. మోగని భాగాన్ని పనిలోకి రానివ్వరు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నాయన కళ్ళు మూయించి ఈ ఆట ఆడించేవాడు. ఏది మోగుతాంది, ఏది మూగ? నేను తప్పు చెప్పేదాన్ని కాదు.

ఆ ఆదివారం ఆయన రాయిని ఇసుక మీద పెట్టి, సుత్తి తీసుకుని, నా వైపు చూశాడు.

"రెండు దినాల్నుంచి పడిశం. చెవుల్లో గుయ్యిమంటాంది. నువ్వు ఇను పాపా."

పడిశం లేదు. ముక్కు చీదింది లేదు, గొంతు బొంగురుపోయింది లేదు. అప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమైంది. కొన్ని నెలలుగా ఎవరు ఎదురొచ్చినా వాళ్ళకు సందివ్వకుండా ఈయనే ఎందుకు మాట్లాడుతున్నాడో, ఫోను చేస్తే తను చెప్పదలచుకున్నది చెప్పేసి ఎందుకు పెట్టేస్తున్నాడో. ఆయనకు వినపడడం లేదు. రాయిని వినే మనిషికి రాయి వినపడడం లేదు. అది ఎవరికీ తెలియకూడదని ఆయన పాట్లు.

తలవైపు తట్టాడు. మోగింది. నడుము దగ్గర తట్టాడు. మోగింది. కాళ్ళవైపు తట్టాడు.

మోగలేదు. సందేహమే లేదు. దబ్ మంది.

నాయన సుత్తి పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. పరీక్ష ఫలితాలు అంటించిన బోర్డు ముందు నిలబడే పిల్లల మొహాలు నేను ఏటా చూస్తాను. అదే మొహం, తెల్లమీసాలతో.

"ఏం పాపా, మోగతాందా?"

"మోగతాంది నాయనా" అని తల ఊపాను.

"మూడు పక్కలా?"

"మూడు పక్కలా."

ఎందుకన్నానో ఎన్నో విధాలుగా చెప్పుకున్నాను. మోగలేదంటే మళ్ళీ తడతాడు, మళ్ళీ అడుగుతాడు, తనకు వినపడదన్న సంగతి మా ఇద్దరి మధ్యా బయటపడిపోతుంది, ఆయన మొహం చిన్నబోతుంది. అందుకని అన్నానని నాకు నేను చెప్పుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. అది సగమే నిజం. మిగిలిన సగం ఏమిటంటే, నేను గ్రూపులో గొప్పలు పోయి ఉన్నాను. నాకు మేడ కావాలి. ఇంకో రాయి వెతికి, తెప్పించి, మొదలుపెట్టేంత ఓపిక నాకు లేదు.

అసలు ఇంకో రాయి అక్కరే లేదు. కింది పక్క మోగలేదని ఒక్క మాట అంటే, ఆయన ఆ కొసను మామతో కోయించి పారేసి, మిగిలిన దానిలోనే మేడను ఒక వేలెడు పొట్టిగా చేసేవాడు. పది నిమిషాల పని. నేను ఆ ఒక్క మాట అనలేదు. పై భాగం మేడకనీ కింది భాగం స్తంభానికనీ సుద్దతో గీతలు పెట్టుకున్నాడు.

మామ అప్పుడు మిషన్ ఆపి టీ తాగుతున్నాడు. మూడో దెబ్బకు తలెత్తి చూశాడు. మళ్ళీ గ్లాసులోకి చూసుకున్నాడు. అడగకుండా ఒకరి రాయి మీద ఇంకొకరు మాట అనకూడదు ఆ షెడ్డులో.

ఆ తర్వాత ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో నాయన ఉన్నంత సంతోషంగా నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. అది చెప్పకపోతే అన్యాయం. ప్రతి ఆదివారం పొద్దున నంద్యాలలో బస్సెక్కి పోయేదాన్ని. పోయేసరికి కొత్తగా ఒక కిటికీ తెరుచుకుని ఉండేది, లేదా పిట్టగోడకు ఒక వరుస పూలు పూసి ఉండేవి. చిలుక కూర్చోడానికి గూడు పెట్టాడు. గోరంత ఉయ్యాల పెట్టాడు, దాని గొలుసులు కూడా రాతివే. మెట్లు మాత్రం పెట్టలేదు. మెట్లుంటే ఒంటిస్తంభం మేడ ఎందుకవుతుంది?

"మరి ఆ యమ్మికి తిండి యట్ల పోతాదప్పా పైకి?" అని మామ అడ్డంపడ్డాడు ఒకరోజు. నాయనకు చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అరిస్తే అప్పటికింకా కొంచెం వినపడేది. మిషన్ హోరుకు అరుస్తున్నామనే ఆయన అనుకునేవాడు.

నాయన వారం ఆలోచించాడు. మళ్ళీ ఆదివారం పోయేసరికి మేడ నేలకు శనగగింజంత కంత ఉంది. దానిలోనుంచి తాడు కట్టి బుట్ట దింపుతుందట. రాజకుమారి ఏది నాయనా అంటే, "లోపల ఉండాది. మనకు యాడ కనపడ్తాది?" అన్నాడు. నేను ప్రతి వారం ఫొటో తీసి గ్రూపులో పెట్టేదాన్ని. ముంబై నుంచి ఎవరో, కొచ్చి నుంచి ఎవరో, మీ నాన్నగారి చేతులకు దండం అని రాసేవారు. ఆయనకు చదివి వినిపించలేను గనక ఫోను చేతికిచ్చి చూపించేదాన్ని. కుడిచేతిని తుడుచుకుని ఫోను పట్టుకునేవాడు.

సన్నటి పనిని చివరికి ఉంచుతారు. దేవుడి చేతివేళ్ళను గానీ, విల్లును గానీ మిగతాదంతా అయ్యాకే విడదీస్తారు. అట్లాగే స్తంభాన్ని కూడా మణికట్టు లావున ఉంచి, పైన మేడంతా అయ్యాక ఆఖర్న సన్నం చేయడం మొదలుపెట్టాడు. నాలుగు వారాలు పట్టింది. శివరాత్రి దగ్గరికొచ్చింది. మహానంది తిరునాళ్ళకు పోయే బళ్ళు రోడ్డు మీద కనిపిస్తున్నాయి. ఆ ఆదివారంతో అయిపోతుందని నేను పెట్టె కూడా తెచ్చాను, లోపల దూది పరిచి.

మేడను ఒళ్ళో పెట్టుకుని, చిన్న ఉలితో, పలకరించినట్టు కొడుతున్నాడు. నేను ఫోనులో వీడియో తీస్తున్నాను. చిటుక్కుమంది. ఆ చప్పుడు ఆయన వినలేదు. నేను విన్నాను. ఆయన ఇంకో దెబ్బ వేశాడు. స్తంభం మధ్యకు విరిగి, మేడ ఆయన ఎడమచేతిలోకి ఒరిగింది.

మా ఇంట్లో ఒక ఆచారముంది. విగ్రహం చేతిలో విరిగితే, చేసినవాడు ఆ విరుపును చూడడు. మొహం తిప్పుకుంటాడు. వేరేవాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకుపోయి నీళ్ళలో వదలాలి. అది దేవుళ్ళకు పాటించేది. ఇది దేవుడు కాదు, బొమ్మ ఇల్లు. కానీ నలభై ఏళ్ళ అలవాటు. నాయన చటుక్కున మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మొహం అటే ఉంచి రెండు ముక్కలూ నాకు అందించాడు.

"కాలవలో ఏసిరా పాపా."

తర్వాత కుడిచేతిని ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. విరిగిన రాయిని చూడని మనిషి ఆ చేతిని ఎంతసేపు చూశాడో.

"చెయ్యి అదిరింది" అన్నాడు.

నేను విరుపును చూశాను. సగం కొత్తగా, చక్కెర పలుకులా మెరుస్తోంది. మిగిలిన సగం ముదురు గోధుమరంగులో ఉంది. ఎన్నో ఏళ్ళుగా నీళ్ళు ఇంకి తుప్పుమరక పట్టిన పాత పగులు అది. ఆ షెడ్డులో పెరిగిన పసిపిల్లకైనా తెలుస్తుంది, చేతి దెబ్బకు విరిగింది కాదని. ఆయన ఒక్కసారి ఇటు తిరిగి చూస్తే చాలు. నేను ఏం చేయాలి? చూడు నాయనా అని ముందు పెట్టాలి. నేను రెండు ముక్కలూ కొంగులో చుట్టేశాను.

"పోనీలే నాయనా, ఇంకోటి చేద్దువు" అని చెవి దగ్గర అరిచాను.

"ఇంగ చెయ్యి ఆగదు పాపా. అయిపాయ."

ఉలులన్నీ కడిగాడు. ఒక్కొక్కదానికీ నూనె రాసి, తువ్వాలులో వరుసగా పెట్టి, చుట్టి, తాడు కట్టి, తీసుకుపోయి మామ చేతిలో పెట్టాడు. "నువ్వు వాడుకో" అన్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

కేసీ కాలువ దాకా పోయాను. వంతెన మీద నిలబడ్డానే గానీ వేయలేకపోయాను. మామ నా వెనకే మోపెడ్ మీద వచ్చాడు. ఏమీ అడక్కుండా నా కొంగు ముడి విప్పి, విరుపు మీద బొటనవేలుతో రాసి చూశాడు.

"మీ నాయన చెయ్యి అదరలే" అన్నాడు.

"తెల్సు మామా."

"కాళ్ళపక్క మూగ. ఆ పొద్దే ఇన్నా నేను."

"మరి చెప్పకపోతివే?"

"నన్నడగలే. నిన్నడిగె."

నేను ముక్కలను మళ్ళీ కొంగులో చుట్టబోయాను.

"పోయి చెప్పు మా. తప్పు రాయిదని తెలిస్తే రేపే ఉలి పడ్తాడు. చెయ్యి పోయిందనుకుంటే ఆ మనిషి ఇంగ లెయ్యడు."

"చెప్తే నేను అబద్ధమాడినానని తెలుస్తాది. ఆయనకు ఇనపడదని అందరికీ తెలుస్తాది."

"అది అందరికీ తెల్సు. తెలీదనుకునేది ఆయనొక్కడే."

మేడను సంచిలో పెట్టుకుని నంద్యాల వచ్చేశాను. గ్రూపులో విరిగిపోయిందని రాశాను. రెండు చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చాయి. ఒకాయన ఏదో జిగురు పేరు రాసి, అతికిస్తే కనపడదన్నాడు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పాపం ఆయన చేసిందేముంది, మంచిమాటే చెప్పాడు.

ప్రతి ఆదివారం చెబుదామనే బస్సెక్కేదాన్ని. శిరివెళ్ళ దాటేదాకా మాటలు సర్దుకునేదాన్ని. నాయనా ఆ రాయి కింది పక్క మోగలేదు, నువ్వు అడిగితే నేను కల్ల చెప్పినా. ఎంత చిన్న మాట. బస్సు దిగి షెడ్డు ముందుకు పోయేసరికి, ఆయన ఖాళీ చేతులతో బల్ల మీద కూర్చుని, నన్ను చూసి నవ్వేవాడు. వచ్చే వారం చెబుతాలే అనుకునేదాన్ని. వారాలు నెలలయ్యాయి.

ఒక ఆదివారం పక్క పల్లెనుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. వేరే షెడ్డులో వాళ్ళ ఊరి అమ్మవారు తయారైంది. కళ్ళు తెరవాలి. విగ్రహమంతా అయ్యాక కంటిపాపల దగ్గర వేసే ఆఖరి ఉలిదెబ్బ అది. పాత చెయ్యి, మంచి చెయ్యి అని నాయనను వెతుక్కుంటూ వచ్చారు. మామ ఆయన చెవిలో విషయం అరిచి చెప్పాడు. తువ్వాలులో చుట్టిన ఉలులు తెచ్చి పక్కన పెట్టాడు కూడా. వాటిని మామ ఒక్కరోజూ వాడలేదు.

నాయన తలడ్డంగా ఊపాడు. "వద్దు సామీ. నా చెయ్యి అదురుతాంది. అమ్మవారి కన్ను పోతాది" అన్నాడు. అంటూనే కుడిచేతిని భుజం మీది తువ్వాలు కిందికి, ఎవరో లాక్కుంటారన్నట్టు దాచుకున్నాడు.

మామ నా వైపు చూశాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేను ఫోను తీసి చూసుకున్నాను. దానిలో ఏమీ లేదు. పెద్దమనుషులు వెళ్ళిపోయారు. ఆ అమ్మవారికి ఎవరు కళ్ళు తెరిచారో నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాయన చెయ్యి నిజంగానే అదరడం మొదలుపెట్టింది. వయసు అన్నాడు డాక్టరు. కావచ్చు. డెబ్భై నాలుగేళ్ళవాడి చెయ్యి అదరడం వింతేమీ కాదు. కానీ నాకు తెలుసు, అదరదని తెలిసిన చెయ్యి రోజూ పని చేసేది, రోజూ నిలకడగా ఉండేది. అదురుతుందని నమ్మిన చెయ్యి అదరడం నేర్చుకుంది. ఆ నమ్మకం నేను ఇచ్చింది.

పోయిన ఏడాది వానలప్పుడు మిగిలిన వినికిడీ పోయింది. అప్పుడు ఆయనే చెప్పాడు, ఎంతో మామూలుగా. "ఇంగ ఏమీ ఇనపడ్డంలే పాపా, రాసి సూపియ్యండి." అంతే. సిగ్గుపడలేదు, మొహం చిన్నబుచ్చుకోలేదు. బడినుంచి ఒక తెల్లకాగితాల పుస్తకం తెచ్చి ఇచ్చాను, దానికో పెన్ను కట్టి. ఇంట్లో తమ్ముడూ మరదలూ దానిలో రాస్తారు, ఆయన పెదాలు కదుపుతూ చదువుకుని నోటితో జవాబిస్తాడు. ఏ గుట్టు కాపాడడానికని నేను ఆ అబద్ధమాడానో, ఆ గుట్టును ఆయన ఇంత తేలిగ్గా విప్పి నలుగురిలో పెట్టేశాడు. నేను కాపాడింది నన్నే. ఇది అర్థమయ్యాక ఆ రాత్రంతా ఏడ్చాను. ఏడిస్తే ఏమొస్తుంది?

పోయిన నెల ఆదివారం తమ్ముడి ఇంటికి పోయాను. నాయన వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ, మామూలు గొంతుతో చెప్పేశాను.

"కింది పక్క మోగలేదు నాయనా. నువ్వడిగితే నేను మోగతాందని చెప్పినా. నీ చెయ్యి అదరలే. ఆ రాయే పగిలిన రాయి. నాకు తెల్సు. నీకు సూపియ్యలే."

మూడేళ్ళుగా మోసిన మాటలు. గుక్క తిప్పుకోకుండా వచ్చేశాయి. ఆయన నా పెదాల వైపు చూస్తూ, అందరికీ ఊపినట్టే తల ఊపాడు, చిన్నగా నవ్వాడు. వినపడని మనిషి మర్యాదకు నవ్వే నవ్వు. ఒక్క క్షణం నాకు తేలికైనట్టే ఉంది, చెప్పాను గదా అని. ఎంత మోసకారిని నేను.

కానీ నా మొహంలో ఏదో చూసినట్టున్నాడు. నవ్వు ఆపి, పక్కనున్న పుస్తకం తీసి, తెల్లకాగితం దాకా తిప్పి, నా ఒళ్ళో పెట్టాడు. పెన్ను మూత తీయడానికి ఆయనకు రెండుసార్లు పట్టింది.

"ఏందీ పాపా? ఏమో చెప్తాండావ్. ఈడ రాసి సూపి."

ఆయనకు చదువొస్తుంది. రెండు వరుసలు రాస్తే చాలు. పెన్ను తీసుకుని 'నాయనా' అని రాశాను. ఆయన ముందుకు వంగి, తర్వాతి మాట కోసం చూస్తున్నాడు.

'టీ తాగుతావా?' అని రాశాను.

పెదాలు కదుపుతూ చదివాడు. ఇంతేనా అన్నట్టు వెనక్కి ఆనుకున్నాడు.

"తాగుతా. అర గ్లాసు చాలు. నిండా పొయ్యాకు పాపా, తొణికిపోతాది."

లోపలికి పోయి టీ పెట్టి, అర గ్లాసే పోసి తెచ్చాను.